ముందుజాగ్రత్త – అపనింద

హెచ్చరిక అంటే ఏమిటో మన నెల్లూరు తీరవాసులకు ఒకరు నేర్పవలసిన పని లేదు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేయగానే మత్స్యకారులు పడవలను ఒడ్డుకు చేరుస్తారు. దానిని లక్ష్యపెట్టక వెళ్లినవాడు ఆపదలో చిక్కుకున్నా, "తప్పు నీదే" అని మనం ఒడ్డున కూర్చోము. వెదకడానికి పడవలు పంపుతాము. హెచ్చరించడం వేరు, ఆపదలో పడినవారిని నిందించడం వేరు. నేరాల విషయంలో మాత్రం ఈ తారతమ్యాన్ని తరచు విస్మరిస్తున్నాము. తుపానుకు మనస్సు లేదు, నేరస్థునికి ఉన్నది. కనుక ఇక్కడ నింద ఎవరికి చెందాలో మరింత స్పష్టం కావలసినది.

1978 మార్చిలో హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడు, అతని భార్య రాత్రి సినిమా చూసి ఇంటికి మరలుతుండగా, పోలీసులు ఆమెను నల్లకుంట ఠాణాకు తీసికొనిపోయారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. అన్యాయమని ఎదిరించిన భర్త దెబ్బలకు మరణించాడు. అత్యాచార బాధితురాలి పేరు ప్రకటించరాదని 1983 నాటి సవరణ చట్టం నిర్దేశించినది. కనుక ఆమె పేరు ఇక్కడ వ్రాయడం లేదు. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం ఎదుట పోలీసుల పక్షం ఆమె శీలాన్నే బోనులో నిలబెట్టజూచింది. సంఘం పోలీసులనే దోషులుగా నిర్ణయించింది. అయినను కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు విడుదలైనారు.

ఇటువంటి వాదానికి నాటి చట్టంలోనే చోటు ఉండెను. ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడి మంచిది కాదని చూపి, ఆమె సాక్ష్యాన్ని శంకించే అవకాశం 1872 నాటి సాక్ష్య చట్టం 155వ సెక్షన్‌లో ఉండెను. 2002 సవరణ చట్టం దానిని తొలగించినది.

చట్టం మారినంత త్వరగా మనస్సులు మారవు. 2019 నవంబరులో శంషాబాదు సమీపంలో పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు, ఆమె చెల్లెలికి గాక 100కు ఫోను చేసి ఉండవలసినదని అప్పటి తెలంగాణ హోంమంత్రి అన్నారు. ఆ రాత్రి ఆమెను వెదకుతూ వెళ్లిన కుటుంబానికి, ఇది మా పరిధి కాదన్న సమాధానం ఎదురైనది. జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయినారు. ఆమె ఎవరికి ఫోను చేసినదన్నదా ముఖ్యం, లేక కాపాడవలసినవారు ఏమి చేశారన్నదా?

అయితే జాగ్రత్తలు చెప్పనే కూడదా? చెప్పవలెను. ఆపదలో 112కు, స్త్రీలు 181కు ఫోను చేయవచ్చునని ప్రతి విద్యార్థికీ తెలియవలెను. కాని ఆ హితవును మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. అది నేరానికి ముందు చెప్పినదా, తరువాత చెప్పినదా? బాలికలకు మాత్రమేనా, బాలురకు కూడ ప్రవర్తన నేర్పుతున్నదా? రక్షించవలసినవారి బాధ్యతను గుర్తుచేస్తున్నదా, మరుగుపరుస్తున్నదా?

ఈ ప్రశ్నలు మనకు దూరమైనవి కావు. తీర గ్రామాల నుండి బస్సులో వచ్చి చదివే విద్యార్థిని దారిలో వేధింపుకు గురైతే, ఇంట చెప్పడానికి జంకుతుంది. చెబితే చదువు మాన్పిస్తారని భయం. అప్పుడు తప్పు చేసినవాడు వీధిలో తిరుగుతాడు. తప్పు చేయని ఆమె ఇంట శిక్ష అనుభవిస్తుంది. కనుక కళాశాల కమిటీవారు "త్వరగా ఇంటికి వెళ్లండి" అనే సలహాతో తృప్తిపడక, బస్సు వేళలకు తగినట్లు తరగతులు ముగించడం, బస్సు స్టాపు వద్ద దీపం ఏర్పాటు చేయించడం, ఫిర్యాదును గోప్యంగా, గౌరవంగా వినడం తమ విధులుగా భావించవలెనని మనవి. విద్యార్థులమైన మనం, ఎవరైనా తమ బాధ చెప్పుకొన్నప్పుడు "నీవెందుకు వెళ్లావు?" అనక, "వాడెందుకు చేశాడు?" అని అడగడం నేర్చుకొందాము.