ఆసుపత్రి కంప్యూటరు ఆగిపోయిన రోజున

ఇంట్లో పెద్దవారికి ఓ.పి. చీటీ రాయించడానికి వచ్చినప్పుడు "సిస్టమ్ పనిచేయడం లేదు, కాసేపు ఆగండి" అనే మాట మీరు వినే ఉంటారు. కరెంటు పోయిందనో, నెట్ రావడం లేదనో సరిపెట్టుకుంటాము. చాలాసార్లు కారణం అదే. అయితే ఒక్కోసారి ఎక్కడో కూర్చున్న దొంగ ఆసుపత్రి కంప్యూటర్లలోకి చొరబడి, రోగుల వివరాలకు తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు ఇమ్మంటాడు. ఈ పద్ధతిని రాన్సమ్‌వేర్ అంటారు.

మన దేశంలో అందరికీ తెలిసినది ఢిల్లీ ఎయిమ్స్ సంగతి. 2022 నవంబరు 23 ఉదయం అక్కడి సర్వర్లు ఆగిపోయాయి. చీటీలు, రక్త పరీక్షల ఫలితాలు, బిల్లులు అన్నీ చేతిరాతతో నడపవలసి వచ్చింది. తిరిగి గాడిన పడడానికి సుమారు రెండు వారాలు పట్టింది. 5 సర్వర్లు దెబ్బతిన్నాయనీ, కంప్యూటర్లను సరిగా విడివిడి భాగాలుగా ఉంచకపోవడం కారణమనీ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మన ఇంట్లో ఒక గది తలుపు తీస్తే అన్ని గదులూ తెరుచుకున్నట్లన్నమాట. మేలు ఏమిటంటే, వేరుగా దాచిన నకలు సర్వరు ఒకటి దొంగకు చిక్కలేదు. ఆ నకలు నుండే రోగుల వివరాలు తిరిగి దొరికాయి.

అదే నెలలో, రోడ్డుకు అవతల ఉన్న సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి మీద కూడా దాడి జరిగింది. అక్కడ సర్వరు ఒక్కరోజే ఆగింది. చాలా పని అప్పటికింకా కాగితాల మీదే నడుస్తున్నందున నష్టం తక్కువ. అలాగని కాగితమే మేలు అనుకోకండి. చెదలకూ వానకూ పోయిన కేసు షీట్లు ఎన్నో! కంప్యూటరు ఆగితే ఏమి చేయాలో సిబ్బందికి ముందే తెలిసి ఉండడం ముఖ్యం.

2017 మే నెలలో వానాక్రై అనే వైరసు ఇంగ్లండులో 80కి పైగా ప్రభుత్వ ఆసుపత్రి సంస్థలను ఇబ్బంది పెట్టింది. కొన్నిచోట్ల అత్యవసర రోగులను వేరే ఆసుపత్రులకు పంపారు. ఆ లోపాన్ని సరిచేసే సవరణను మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివారే నష్టపోయారు.

మన రాష్ట్రంలో జరిగినది మరో రకం. 2018లో అన్న సంజీవిని మందుల షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో, పేరూ ఫోను నంబరుతో సహా ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉండిపోయింది. ఇక్కడ దొంగ లేడు, తాళం వేయడం మరిచారంతే. నా దృష్టిలో ఇది చిన్న తప్పు కాదు. ఏ మందు వాడుతున్నామో పక్కింటివారికి తెలియడం వల్ల సంబంధం చెడిపోయే ఊళ్ళు మనవి.

మరి ఏ ఆసుపత్రి భద్రమైనది? పేపర్లో పేరు రానిదే భద్రమైనదని అనుకోవద్దు. 2022 నుండి ఇలాంటి దాడిని 6 గంటల్లోగా కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలనే నియమం ఉంది. కాని ఆ సంగతి రోగులందరికీ చేరుతుందని లేదు. కాబట్టి మీరే అడగండి. "కంప్యూటరు ఆగితే మా రిపోర్టు ఎలా ఇస్తారు? నకలు వేరేచోట ఉంచుతున్నారా?" అని అడగడం తప్పు కాదు, సిబ్బంది కోపగించుకోవలసిన పనీ లేదు.

తిరువూరు చుట్టుపక్కల గ్రామాలవారు ఇక్కడ చూపించుకొని, అవసరమైతే రోగిని విజయవాడకో ఖమ్మానికో తీసుకువెళుతుంటారు. అక్కడి డాక్టరుగారికి ఇక్కడి కంప్యూటరు కనబడదు. అందుకే డిశ్చార్జి కాగితం, ఇటీవలి రక్త పరీక్షలు, స్కానింగు ఫిల్ములు ఒక సంచిలో ఉంచండి. రోజూ వేసుకునే మందుల పేర్లు, మోతాదు, పడని మందు ఏదైనా ఉంటే అదీ ఒక కాగితం మీద రాసి, ఆ సంచిలోనే పెట్టండి. ఫోనులో ఫొటో కూడా తీసుకోండి గాని, ఆ ఫొటోలను బంధువుల గ్రూపులన్నింటికీ పంపవద్దు.

ఇంకొక మాట. "ఆసుపత్రి నుండి మాట్లాడుతున్నాము, మీ నాన్నగారి ఆపరేషను డబ్బు వెనక్కి వస్తుంది, ఓటీపీ చెప్పండి" అని ఫోను రావచ్చు. రోగి పేరు, వార్డు నంబరు సరిగ్గా చెప్పినా నమ్మవద్దు. ఫోను పెట్టేసి, నేరుగా బిల్లు కౌంటరు దగ్గరకు వెళ్ళి అడగండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, తెల్లవారే దాకా ఆగకుండా, 1930కి ఫోను చేయండి.