బ్లాక్ ఫ్రైడే అను పేరు ఎట్లు వచ్చెను?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నవంబరు మాసపు నాల్గవ గురువారము దేవునికి కృతజ్ఞతలు చెల్లించు పండుగదినము. మరునాడు అంగళ్లవారు వెలలు తగ్గించి సరకులమ్ముదురు. క్రిస్మసు బేరములకు అదియే ఆరంభము. ఆ దినమునకు బ్లాక్ ఫ్రైడే, అనగా నల్ల శుక్రవారము, అని పేరు. ఇప్పుడీ పేరు మన దేశపు వర్తకుల ప్రకటనలలోను కానవచ్చుచున్నది. లాభము తెచ్చు దినమునకు నలుపేల అంటెను?

దీనికి వర్తకులు చెప్పు సమాధానమొకటి కలదు. లెక్కపుస్తకములలో నష్టమును ఎఱ్ఱసిరాతోను, లాభమును నల్లసిరాతోను వ్రాయుట పూర్వపు వాడుక. ఏడాది పొడుగున నష్టపడిన అంగడి ఆ శుక్రవారముతో లాభములోనికి వచ్చును గనుక ఆ పేరు కలిగెనందురు. వినుటకు ఇంపుగానే యున్నది. కాని యీ వివరణము 1980 తరువాతనే ప్రచారమునకు వచ్చెను. పేరో, అంతకు సుమారు ముప్పది యేండ్లు పెద్దది. బిడ్డ పుట్టిన ముప్పది యేండ్లకు కల్పించిన కథను జన్మవృత్తాంతమని యెట్లు నమ్మవచ్చును?

ఆ దినమున పూర్వము బానిసలను అమ్మెడివారని మఱికొందఱందురు. అమెరికాలో దాస్యము 1865లో చట్టముచే రద్దయ్యెను. 20వ శతాబ్దమున పుట్టిన పేరునకు అది మూలము కానేరదు.

ఇంగ్లీషువారు కీడు కలిగిన దినమును నల్లదినమనుట పాతవాడుక. 1869 సెప్టెంబరు 24న న్యూయార్కులో బంగారపు ధర హఠాత్తుగా పడిపోయి అనేకులు చెడిన శుక్రవారమునకును ఇదే పేరు. 1951లో ఒక పరిశ్రమల పత్రిక, పండుగ మరునాడు పనివారు జబ్బు నెపమున రాకుండుటను గూర్చి వ్రాయుచు, ఆ దినమును నల్ల శుక్రవారమనెను.

అయినను పేరు వేరూనినది ఫిలడెల్ఫియా నగరముననే. సరకులు కొనవచ్చినవారును, శనివారమునాడు సైనిక, నౌకాదళ కళాశాలల నడుమ జరుగు ఫుట్‌బాల్ పందెమును చూడవచ్చినవారును వీధులలో క్రిక్కిరిసెడివారు. పోలీసువారు సెలవు లేక చాలసేపు నిలిచి పనిచేయవలసివచ్చెడిది. ఆ శ్రమచే విసిగి వారు దానిని నల్ల శుక్రవారమనిరి. 1961లో వర్తకులు దానిని బిగ్ ఫ్రైడే, అనగా పెద్ద శుక్రవారము, అని మార్పజూచిరి. అది నిలువలేదు. తుదకు పేరు మాఱలేదు, దాని అర్థమే మాఱెను.

విద్యార్థులారా, ఒక మాట పుట్టుకను గూర్చి యెవరేమి చెప్పినను, కథ యింపుగానున్నదా యని కాక, అది మొదట ఎప్పుడు చెప్పబడెనని యడుగుడు. లాభమును చాటు నీ పేరు, పండుగవేళ విశ్రాంతి లేని పనివారి నోట పుట్టినదని అప్పుడే తెలియును.