గట్టు మీద అడుగు తప్పితే

మా తమ్ముడికి నలభై దాటాక నడక చెడింది. అటాక్సియా, అంటే కాళ్లూ చేతులూ అదుపు తప్పే జబ్బు అన్నారు. వాడి వెంట తిరిగి తెలుసుకున్నవి మా ద్వారకా తిరుమల, ఏలూరు, కొల్లేరు ఊళ్లలో ఇలాంటి మనిషి ఉన్న ఇళ్లకు చెబుతున్నాను.

1. తూలేవాణ్ణి చూసి తాగాడనకండి. చిన్నమెదడు క్షీణిస్తుంటే కాళ్లు ఎడం చేసి నడుస్తారు. మాట ముద్దగా వస్తుంది, చొక్కా గుండీ పట్టు చిక్కదు. చేపల చెరువు గట్టు మీద సునాయాసంగా నడిచినవాడు అక్కడ అడుగు వేయడానికి జంకినా, కొండ మెట్లు దిగుతూ పక్కవాడి భుజం పట్టుకున్నా నరాల డాక్టరుకి చూపించండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి పడిపోతే దేశమంతా చూసింది. కానీ ఏళ్ల మీద నెమ్మదిగా వచ్చే ఈ జబ్బును ఇంట్లోవాళ్లే గమనించాలి. తూలడం ఒక్క పూటలో వస్తే మాత్రం పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

2. నయమయ్యే కారణాలను ముందు వెతికించండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఎమ్మారైతో పాటు రక్తపరీక్షలూ అడగండి. బి12 లోపం, థైరాయిడ్, ఏళ్లనాటి తాగుడు, ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ మోతాదు మించడం కూడా ఇలాగే తూలిస్తాయి. ఫెనిటోయిన్ రక్తంలో ఎంత ఉందో కొలవొచ్చు. సొంతంగా ఆపేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. మేనరికాలున్న ఇళ్లలో ఇంకొకటి చూడాలి: విటమిన్ ఇ రక్తంలో నిలవనివ్వని జన్యులోపం. అది అరుదే. కానీ డాక్టరు ఎక్కువ మోతాదులో ఆ విటమినే ఇస్తే జబ్బు ముదరకుండా ఆపొచ్చు. అలాంటిదాన్ని చూడకుండా వదిలేయడం అన్యాయం.

3. మూడు తరాల వివరాలు రాసుకెళ్లండి. మా నాన్నగారి నడకా ఇలాగే ఉండేది, వాతమనుకున్నారు. తమ్ముడిది ఎస్‌సీఏ2 అనే వంశపారంపర్య అటాక్సియా అని జన్యుపరీక్షలో తేలింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే రకాల్లో ఇదొకటి, దీని జన్యువును 1996లో కనుగొన్నారు. బిడ్డల్లో ఒక్కొక్కరికీ ఇది వచ్చేందుకు సగం అవకాశం, తర్వాతి తరంలో ఇంకా చిన్న వయసులోనే మొదలుకావచ్చు. సంబంధాలు చెడతాయని దాచమన్న పెద్దలున్నారు. నేనొప్పుకోను. పిల్లలకు తెలియాలి. లక్షణాలు లేనివాళ్లు పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది పెద్దయ్యాక, జన్యు సలహా విన్నాక వాళ్లే తేల్చుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో దానికి విభాగమే ఉంది.

4. ఎస్‌సీఏ2ని నయంచేసే మందు ఇంకా లేదు. వ్యాయామం ఉంది. నాలుగు వారాల సమతుల్య శిక్షణతో నడక మెరుగైందని జర్మనీ వైద్యులు 2009లో చూపారు. రోజూ చేయించాలి. స్నానాల గదిలో పట్టుకోవడానికి రాడ్డు, రాత్రి లైటు తప్పనిసరి.

5. ఈ జబ్బులో అన్నం కన్నా మంచినీళ్లే ఎక్కువ పొలమారుతాయి. గడ్డం దించి కొంచెం కొంచెం తాగించండి. కొల్లేరు చేప పెట్టేటప్పుడు ముల్లు మీరే తీసిపెట్టండి. తింటూ దగ్గడం, తరచూ జ్వరం ఉంటే ఊపిరితిత్తులు చూపించండి.

6. తిరగగలిగినప్పుడే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తెచ్చుకోండి. 2016 చట్టం దీర్ఘకాలిక నరాల జబ్బులనూ గుర్తించింది. వైకల్యం 40 శాతం ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టొచ్చు; మన రాష్ట్రంలో 2024 నుంచి అది నెలకు 6,000 రూపాయలు. ఎమ్మారై, జన్యుపరీక్ష కాగితాలు, డాక్టరు రిపోర్టు జిరాక్సులు తీసి వెంట పెట్టుకెళ్లండి.