ఆకుమడిలో నులిపురుగుకి వేసవి ఎండే మందు

సార్వా ఆకుమడిలో నారు పచ్చబారి గిడసబారితే వెంటనే జీవామృతం పెంచేయకండి, ముందు ఓ మొక్క పీకి వేర్లు కడిగి చూడండి. కొసన కొక్కెంలా వంగిన బుడిపెలుంటే అది వేరుముడి నులిపురుగే. వీడియోలో దగ్గరగా చూపించాను.

నేల 22–29 డిగ్రీల్లో ఉంటే దీని తరం 19 రోజుల్లోనే పూర్తవుతుందని బంగ్లాదేశ్‌లో తేలింది. అంటే ఊడ్పుకి ముందే పిల్లలు! ఆ నారుతోపాటే చేలోకీ వచ్చేస్తుంది. నీళ్లు నిలగడితే కొత్తగా వేరులోకి దూరలేదు గానీ, చావదు. చంపేది వేడే.

అమలాపురం, రాజోలు వైపు దాళ్వా కోతయ్యాక, కాలువలు కట్టేసేలోపే మడి దున్ని తడపండి. తడి ఉంటేనే వేడి కిందికి దిగుతుంది. లోపలి మట్టి కనబడేంత పల్చటి పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు వద్దు, ఎండని అదే తాగేస్తుంది. మేలుచేసే జీవులూ కొన్ని పోతాయి కాబట్టి, తీశాక ఘనజీవామృతం చల్లాలి. ఆ తర్వాత లోతుగా దున్నితే అడుగున బతికినవి మళ్లీ పైకొస్తాయి.