ఉప్పు తెలుపు, బొగ్గు నలుపు - కంటి లెక్క

నౌపడ ఉప్పు మడుల దగ్గర పోసిన కుప్ప మిట్టమధ్యాహ్నం తెల్లగా ఉంటుంది. పొద్దు గూకాక చూసినా తెల్లగానే ఉంటుంది. ఇందులో వింతేముంది అంటారా? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మండుటెండ సుమారు 1,00,000 లక్స్‌లు. సూర్యుడు అస్తమించిన కాసేపటికి అది 400కి పడిపోతుంది. ఉప్పు తనపై పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ళు తిప్పి పంపుతుందనుకుందాం. బొగ్గు 4 పాళ్ళు. అంటే మధ్యాహ్నం బొగ్గు నుంచి వచ్చేది 4,000 వంతులు, సంధ్యవేళ ఉప్పు నుంచి వచ్చేది 320 వంతులే! పన్నెండు రెట్లు ఎక్కువ వెలుగు పంపిన బొగ్గు నల్లన, తక్కువ పంపిన ఉప్పు తెల్లన. కాబట్టి మన కన్ను తక్కెడ లాంటిదన్నమాట. ఈ పక్క ఎంత, ఆ పక్క ఎంత అన్న తేడానే తూస్తుంది.

ఎందుకిలా? కంటి వెనుక ఉండే నేత్రపటలంలో సుమారు 12 కోట్ల దండకణాలు, 60 లక్షల శంకుకణాలు ఉన్నాయి. మెదడుకు వార్త మోసుకుపోయే దృష్టినాడిలో తంతువులు మాత్రం 10 లక్షలే. అన్ని కణాల కబురూ పంపడం కుదరదు. అందుకని పక్కపక్క కణాల కబుర్లను అక్కడే పోల్చి, తేడా ఉన్నచోటే గట్టిగా చెబుతుంది. వెలుగు పడిన కణం తన పొరుగు కణాలను అణుస్తుందని, దానివల్ల అంచులు స్పష్టమవుతాయని హార్ట్‌లైన్ అనే శాస్త్రజ్ఞుడు గుర్రపునాడా పీత కంటిలో కనిపెట్టాడు. 1967లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ఇక సూక్ష్మ వివరం సంగతి. డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు మామూలు కంటికి ఒకటైపోతాయి. మిల్లీమీటరు ఎడంలో ఉన్న రెండు ఉప్పు రవ్వలు మూడున్నర మీటర్ల దూరం వరకే రెండుగా కనిపిస్తాయి. అదీ చూపు మధ్యలో ఉన్న చిన్న గుంటలో బొమ్మ పడితేనే. శంకుకణాలు కిక్కిరిసి ఉండేది అక్కడే.

ఈ సూక్ష్మ వివరం ఎక్కువగా వెలుగునీడల తేడా వల్లే తెలుస్తుంది, రంగు తేడా వల్ల కాదు. మిరప మడిలో పండుకాయలు ఆకుల మధ్య ఇట్టే కనబడతాయి. అదే మడిని నలుపు తెలుపు ఫొటో తీస్తే కాయేదో ఆకేదో పోల్చుకోవడం కష్టం. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దతో రాస్తే వెనక బెంచీకి అందనిది ఇందువల్లే. రంగు వేరే, కాని వెలుగు ఇంచుమించు ఒకటే. తెల్ల సుద్ద, పసుపు సుద్ద అయితే అక్షరం నిలుస్తుంది. లెక్చరర్లు మన్నించి గమనించాలి!

బాల్యం విశాఖపట్నంలో గడిపిన సర్ సి.వి. రామన్ చివరి ఏళ్లలో ఈ చూపు మీదే శ్రమించి, 1968లో ఒక గ్రంథం వెలువరించారు.

చివరగా ముఖ్యమైన మాట. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వర్ణాంధత్వం పుట్టుకతో వస్తుంది. ఐరోపా సంతతి మగవాళ్ళలో నూటికి 8 మందికి ఉంది. ఆడవాళ్ళలో చాలా తక్కువ. తల్లి నుంచి కొడుక్కి వచ్చే ఎక్స్ క్రోమోజోములో లోపం ఉండడమే కారణం. అక్షరాలు చక్కగా చదివేవాడికి తన లోపం తెలియనే తెలియదు. నౌపడ జంక్షన్‌లో సిగ్నలు చూసి రైలు నడపాలని కలలు కనే కుర్రాళ్ళు మనలో ఎందరో! ఏళ్ల తరబడి చదివి, రాత పరీక్ష నెగ్గి, వైద్య పరీక్షలో ఈ సంగతి తెలిస్తే ఆ ఇంటి గతేమిటి? 1917 నాటి ఇషిహారా చుక్కల బొమ్మలతో ఐదారు నిమిషాల్లో తేలిపోయే విషయమిది. హైస్కూల్లోనే ఆ పరీక్ష చేయిస్తే పిల్లవాడు తనకు తగ్గ దారి ముందే చూసుకుంటాడు. కాలేజీలో ఉన్న మనం కూడా ఈ సెలవుల్లోనే చేయించుకుందాం, తమ్ముళ్ళకీ చేయిద్దాం.