ల్యాప్‌టాప్ తెర మిణుకుమంటుంటే

ఒకప్పుడు ఇంటికొక రేడియో, ఆ తరువాత ఇంటికొక టీవీ ఉన్నట్టు ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక ల్యాప్‌టాప్ ఉంటోంది. అది ఏ ఒక్కరిదీ కాదు. అబ్బాయి పరీక్ష దరఖాస్తు, అమ్మాయి ఉద్యోగం, దూరదేశంలో ఉన్న నాన్నగారితో ఆదివారం మాటలు అన్నీ దాని మీదే. అటువంటిది ఉన్నట్టుండి తెర మిణుకుమిణుకుమనడం మొదలుపెడితే ఇల్లంతా కంగారు పడుతుంది. షాపుకు తీసుకువెళితే మూత తెరిచీ తెరవకముందే "స్క్రీన్ పోయిందండీ, కొత్తది వేయాలి" అనే మాట వినబడవచ్చు. కొత్త తెర అంటే వేల రూపాయలు. కాబట్టి షాపు మెట్లెక్కే ముందు ఒక అరగంట కూర్చొని, జబ్బు ఎక్కడున్నదో మీరే తేల్చుకోండి. స్క్రూడ్రైవరుతో పనిలేదు.

ముందుగా, తెర ఇంకా కనబడుతుండగానే సర్టిఫికెట్లు, ఫోటోలు, ముఖ్యమైన కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తెర ఆరిపోయినా అవి లోపలి డిస్కులో భద్రంగానే ఉంటాయి. కాని కళ్లకు కనబడకుండా వాటిని బయటికి తీయడం కష్టం.

తెర మీద బొమ్మ ఎలా వస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు. బొమ్మ కింది భాగంలోని గ్రాఫిక్స్ చిప్‌లో తయారవుతుంది. ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. అక్కడినుండి బొమ్మ ఒక సన్నని కేబుల్ మీదుగా, మూతను పట్టి ఉంచే బందుల పక్కనుండి పైకెక్కి తెరను చేరుతుంది. తెర వెనుక వరుసగా ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతాయి. చాలా పాత యంత్రాలలో వాటికి బదులు సన్నని ట్యూబులైటు, దానికి కరెంటునిచ్చే ఇన్వర్టరు బోర్డు ఉండేవి. డ్రైవర్, చిప్, కేబుల్, తెర. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా మనకు కనబడేది మిణుకే.

మొదటి పరీక్ష ఇది. యంత్రాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తూనే బయాస్‌లోకి వెళ్లే కీని వరుసగా నొక్కండి. చాలా కంపెనీలకు అది ఎఫ్2, కొన్నిటికి ఎఫ్10 లేదా డిలీట్. అక్కడ విండోస్ ఉండదు, దాని డ్రైవరూ ఉండదు. అక్కడ కూడా తెర మిణుకుమంటే దోషం వస్తువులోనే ఉంది. పది నిమిషాలు నిలకడగా ఉంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించండి.

అయితే తొందరపడి తీర్పు చెప్పకండి. బయాస్‌లో ఉండగానే మూతను రెండు చేతులతో మెల్లగా ముందుకు, వెనుకకు వంచి చూడండి. ఒక కోణంలో బాగుండి, ఇంకో కోణంలో గీతలు వస్తుంటే కేబుల్ నలిగిందనో, వదులైందనో దాదాపు చెప్పవచ్చు. రోజూ మూత తెరిచి మూసే ప్రతిసారీ నలిగేది ఆ కేబులే కదా! పెద్ద కంపెనీలు కూడా దీనికి అతీతం కాదు. 2016లో వచ్చిన ఆపిల్ 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో ఇటువంటి కేబుల్ అరిగి, తెర అడుగున దీపాల కాంతి వంటి మచ్చలు కనబడ్డాయి. 2019 మే నెలలో ఆ కంపెనీ వాటికి ఉచిత మరమ్మతు ప్రకటించింది. తప్పు కొన్నవారిది కాదని దీనినిబట్టి గ్రహించండి.

రెండో పరీక్షకు ఇంట్లోని టీవీ చాలు. హెచ్‌డీఎంఐ వైరుతో దానికి ల్యాప్‌టాప్‌ను కలపండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండి ఇక్కడ మాత్రం మిణుకుమంటే కేబులో, తెరో కారణం. రెండు చోట్లా మిణుకుమంటే చిప్పో, డ్రైవరో.

బయాస్‌లో బాగుండి విండోస్‌లో మాత్రమే మిణుకుమంటోందా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. తెర అంతా మిణుకుమంటున్నా ఆ కిటికీ నిలకడగా ఉంటే ఏదో ఒక ప్రోగ్రాం పాడుచేస్తోందన్నమాట. ఈ మధ్య కొత్తగా వేసినదాన్ని తీసివేసి చూడండి. ఆ కిటికీ కూడా మిణుకుమంటే డ్రైవర్‌ను అనుమానించాలి. ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అది చాలకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రోల్ బ్యాక్ నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లండి. ఆ బొత్తాం పనిచేయకపోతే మీ మోడల్‌కు సరిపోయే డ్రైవర్‌ను కంపెనీ వెబ్‌సైటు నుండే తెచ్చుకోండి. "డ్రైవర్లు బాగుచేస్తాం" అంటూ ఊరికే వచ్చే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

ఛార్జర్ తీసినప్పుడే మిణుకుమంటే అది బ్యాటరీ ఆదా కోసం పెట్టిన సెట్టింగ్ కావచ్చు. గ్రాఫిక్స్ సెట్టింగులలో ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనేది ఉంటే ఆపి చూడండి. కంటికి మామూలుగా ఉండి సెల్‌ఫోన్ కెమెరాలో మాత్రమే పట్టీలు కదులుతుంటే భయం లేదు. వెలుగు తగ్గించడానికి చాలా తెరలు దీపాలను అతివేగంగా ఆర్పి వెలిగిస్తాయి.

రెండు విషయాలలో మాత్రం ఆలస్యం వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దానిని నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి, వెంటనే సర్వీసు కేంద్రానికి చేర్చండి. ఇంట్లో మెరిసే వెలుతురుకు మూర్ఛ వచ్చేవారుంటే మిణుకుమనే తెర ముందు వారిని కూర్చోబెట్టకండి.

ఇక షాపుకు వెళ్లవలసివస్తే, ముందు వారంటీ కాగితం చూసుకోండి. వారంటీ ఉండగా బయట విప్పిస్తే కంపెనీవారు పేచీ పెట్టవచ్చు. వారంటీ లేకపోతే, మీరు చేసిన పరీక్షల ఫలితం మెకానిక్కుకు వివరంగా చెప్పి, "ముందు బ్యాటరీ కనెక్షన్ తీసి, తెర కేబుల్‌ను ఊడదీసి మళ్లీ బిగించి చూడండి బాబూ, ఫలితం లేకపోతే కేబుల్ మార్చండి, తెర సంగతి ఆ తరువాత" అని అడగండి. కేబుల్ ఖరీదు తెర ఖరీదులో కొద్ది భాగమే. తెరే మార్చారంటే, తీసిన పాత తెరను కూడా అడిగి ఇంటికి తెచ్చుకోండి.