మగ్గపు ఇనుప సామానుకు పౌడరు పూత: పెద్ద ఓవెను కట్టుకొను విధము

షోలాపూరులో తువాళ్ళు, చద్దర్లు నేయు మన కుటుంబములకు తుప్పు ఎంతటి శత్రువో వేరుగ చెప్పనక్కరలేదు. వానకాలములో దోనె స్టాండు మీద, పోగులు తగులు కడ్డీల మీద ఎర్రని పొడి లేచెనా, ఆ మరక తెల్లని తువాలుకు ఎక్కును. ఉతికినను పోదు. సరుకు రెండవ రకము క్రింద అమ్ముకొనవలెను. పౌడరు పూత మామూలు రంగు వలె త్వరగా ఊడదు గాని, దానిని కాల్చుటకు ఓవెను కావలెను. ఒకటి రెండు స్టాండులకైతే బయట చేయించుకొనుటయే లాభము. నాలుగైదు కుటుంబములు కలిసి మరమ్మతు షెడ్డు నడుపుచున్నచో ఈ పాఠము పనికివచ్చును.

లోపల 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6½ అడుగుల ఎత్తు అనుకొందము. చదరపు ఇనుప గొట్టములతో చట్రము, లోపల వెలుపల రేకు, నడుమ 4 అంగుళముల రాక్‌వూల్ ఉండవలెను. చవక గదా అని థర్మోకోల్ పెట్టరాదు. అది కరగి మండును. లోపలి రేకును బయటి రేకుతో కలుపు ఇనుప ముక్కలు ఎంత తక్కువైన అంత మేలు, వాని గుండానే వేడి బయటికి పారును. ఓవెనులో మనిషి పట్టును కనుక తలుపు లోపలినుండి తోసినను తెరచుకొనవలెను. ఈ ఒక్క విషయములో పొదుపు వద్దు.

ఇక వేడి లెక్క. దీనిని చాలమంది కంటి అంచనాకు వదలివేయుదురు. డబ్బు పోవునది అక్కడనే. 100 కిలోల ఇనుమును 30 డిగ్రీలనుండి 190 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 2¼ యూనిట్లు పట్టును. లోపలి రేకు ఒక మిల్లీమీటరు మందమైన దాని బరువే దాదాపు 180 కిలోలు. దానికి 4 యూనిట్లు. లోని గాలికి అర యూనిటుకు లోపు. గోడలగుండ పోవునది గంటకు 2 యూనిట్లు. అరగంటలో ఇదంతయు జరుగవలెనన్న 15 కిలోవాట్లు కావలెను. కొంత ఎక్కువగా 18 పెట్టుకొందము. మూడు ఫేజులకు పంచిన ఒక్కొక్కదానిమీద 25 ఆంపియర్ల పైచిలుకు. సామానుకంటె ఓవెను ఒంటికే ఎక్కువ వేడి పోవుచున్నది చూచితిరా? కనుక వేడెక్కిన ఓవెనులో వాయి వెంట వాయి పెట్టవలెను. రోజుకొక వాయి కాల్చుట దండుగ. లోడు ముందే మంజూరు చేయించుకొనుడు. మగ్గముల వైర్లమీదనే దీనిని ఎక్కించిన వైర్లు కాగి షెడ్డుకే ముప్పు.

హీటర్లు సామానుకు ఎదురుగా ఉండరాదు, దగ్గరి వైపు మాడి దూరపు వైపు పచ్చిగా నిలుచును. వానిని రేకు అడ్డము వెనుక పెట్టి, ఫ్యానుతో పైగాలిని లాగి క్రిందికి పంపవలెను. ఫ్యాను మోటారు బయట ఉండవలెను. గాలి మెల్లగా కదలవలెను. జోరైన కరగకముందే పౌడరు రాలును. ఫ్యాను ఆగిన హీటర్లు వాటంతట అవే ఆగునట్లును, కంట్రోలరు చెడినను 230 డిగ్రీలవద్ద కరెంటు తెగునట్లును వేరొక స్విచ్చి పెట్టించుడు. ఈ పని, ఎర్తింగు పని లైసెన్సుగల ఎలక్ట్రీషియను చేతనే జరుగవలెను. గ్యాసు బర్నరు ఇంట్లో కట్టుకొనుటను మేము సమ్మతింపము.

పౌడరు చిమ్ము చోటు ఓవెనుకు దూరముగా వేరుగ ఉండవలెను. గాలిలో తేలు పౌడరు నిప్పురవ్వకు పేలును. నూలు గోడౌను, దూది నూగు పేరుకొను మగ్గముల షెడ్డు ప్రక్కన ఓవెను కట్టనేరాదు. పొగకు బయటికి గొట్టము పెట్టి, మొదటిసారి ఖాళీగా కాల్చి రేకుల నూనె పోగొట్టుడు.

కాల్పు కాలము పౌడరు పెట్టెమీద వ్రాసియుండును, సాధారణముగా 180 నుండి 200 డిగ్రీలలో 10 నుండి 20 నిమిషములు. ఇది ఇనుము ఆ వేడికి వచ్చిన తరువాతి లెక్క, గాలి లెక్క కాదు. సన్నని గొట్టము త్వరగా కాగును, పోత ఇనుప ప్రక్కచట్రము ఆలస్యముగా కాగును. రెంటిని ఒకే వాయిలో వ్రేలాడదీయరాదు.

పూతకు ముందు జిడ్డు, తుప్పు పూర్తిగా పోవలెను. వాడి అంచులను ఆకురాయితో గుండ్రపరచుడు, అంచున పూత పలుచనై తుప్పు అక్కడనే మొదలగును. బోల్టు మరలకు, బేరింగు కూర్చుండు చోట్లకు వేడికి తాళు టేపు చుట్టవలెను. నాడె నడచు దారికి పూత వేయనే వేయవద్దు.